దుబాయ్‌లో బెడ్డు కోసం కంబదూరు దాకా

దుబాయ్‌లో ఉండడానికి చోటు కావాలంటే ఇంటర్నెట్‌లో వెతకాలని అందరిలాగే నేనూ అనుకున్నాను. మూడు వారాలు వెతికాను కూడా. చివరికి అది దొరికింది కంబదూరులో. నవ్వకండి. మన జిల్లా నుంచి గల్ఫ్‌కు ఉద్యోగానికి వెళ్ళే ఆడవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మొదటి రెండు నెలలకు చవకైన బస ఎలా దొరుకుతుందో ఈ ఒక్కరోజు ప్రయాణం మీకు చెబుతుంది. దొరకకుండా ఎలా పోతుందో కూడా చెబుతుంది, ఎందుకంటే ఆ రోజు నాకు రెండూ జరిగాయి.

నేను అనంతపురంలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. అక్కడే పాతూరులో మాకు కిరాణా అంగడి ఉంది, అంగడి వెనకే ఇల్లు. దుబాయ్‌లో ఒక ల్యాబ్ వాళ్ళు ఉద్యోగం ఇచ్చారు. వీసా, టికెట్టు వాళ్ళవే, బస మాత్రం మూడో నెల నుంచి ఇస్తామన్నారు. ఆ రెండు నెలలు హోటల్లో ఉంటే జీతం మొత్తం హోటల్‌కే చాలదు. గదిలో ఒక్క మంచం అద్దెకు తీసుకోవడాన్ని అక్కడ బెడ్డు అంటారు. నెట్‌లో కనిపించిన బెడ్లకు ముందే డబ్బు పంపమంటున్నారు, గది చూపించమంటే ఫోన్ పెట్టేస్తున్నారు. మా నాన్న నన్ను వద్దనలేదు, సరే అని కూడా అనలేదు. వచ్చే ఆదివారంలోగా తెలిసిన మనుషుల మధ్య ఒక చోటు చూపించు, లేకపోతే ఆ ఉద్యోగం మాట మళ్ళీ ఎత్తొద్దు అన్నాడు. ఆయన బేరం అలాగే ఉంటుంది, ఒక్కసారి చెప్తాడు. అంటే నా ఉద్యోగమంతా ఒక మంచం మీద ఆగింది.

దారి చూపించింది మా ల్యాబ్‌లో పనిచేసే నూర్జహాన్. వాళ్ళ పిన్ని చాలా ఏళ్ళుగా దుబాయ్‌లో ఉంది. మన వైపు ఆడవాళ్ళు ఐదారుగురు కలిసి ఒక గది తీసుకుంటారట. వాళ్ళలో ఎవరైనా సెలవు మీద ఊరికి వస్తే ఆ రెండు నెలలు బెడ్డు ఖాళీగా ఉంటుంది, అద్దె మాత్రం ఆగదు. అందుకని కొత్తగా వెళ్ళేవాళ్ళకు ఆ రెండు నెలలకు ఇస్తారు. అడ్వాన్సు లేదు, కమీషను లేదు. ఒక్కటే షరతు. సెలవు మీద వచ్చిన మనిషి తన ఇంట్లో, తన కళ్ళతో కొత్త మనిషిని చూడాలి. చూసి, గదికి ఫోన్ చేసి సరే అనాలి. ఫోన్లో మాట్లాడి ఒప్పించడం కుదరదు, ఎంత తెలిసినవాళ్ళు చెప్పినా కుదరదు. నూర్జహాన్ వాళ్ళ పిన్ని పక్క గదిలో అప్పుడు ఇద్దరు సెలవులో ఉన్నారు. ఒకామె రూతమ్మ, శింగనమల. ఇంకొకామె మార్తమ్మ, కంబదూరు. ఒకరు కాదంటే ఇంకొకరు అనుకుని, ఇద్దరికీ శనివారం వస్తానని చెప్పాను. ఆదివారం వాళ్ళు చర్చికి వెళ్తారు.

శింగనమల బస్సు అనంతపురం స్టాండులో పొద్దున ఏడున్నరకు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్టు, మగవాళ్ళకు ముప్పై చిల్లర. బుక్కరాయసముద్రం చెరువు దాటేదాకా జనం కిక్కిరిసి ఉంటారు, తర్వాత సీటు దొరుకుతుంది. ముప్పావుగంట ప్రయాణం. మా అమ్మ డబ్బాలో పులిహోర పెట్టి, రెండు సీసాల నీళ్ళు సంచిలో సర్దింది. బయట నీళ్ళు తాగితే నీ కడుపు సంగతి నీకు తెలుసు కదా అని గుమ్మం దాకా వచ్చి మళ్ళీ చెప్పింది. చిన్నప్పుడు నాకు పచ్చకామెర్లు వచ్చిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఇది వేదవాక్కు.

రూతమ్మ ఇల్లు బస్సు దిగిన చోటి నుంచి పది నిమిషాల నడక. నలభై దాటి ఉంటాయి, మాటకారి. నన్ను చూడగానే ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. చెంబుతో నీళ్ళు తెచ్చింది. నేను సంచిలోంచి నా సీసా తీసి, నీళ్ళు తెచ్చుకున్నానని చెప్పాను. తర్వాత పళ్ళెంలో బొరుగుల ఉగ్గాని తెచ్చింది, పైన రెండు మిరపకాయ బజ్జీలు కూడా పెట్టింది. తినే వచ్చానన్నాను. అది అబద్ధం కూడా కాదు. ఆమె పళ్ళెం లోపలికి తీసుకుపోయి వచ్చి కూర్చుంది. అంతకుముందు గది గురించీ, గదిలో ఉన్నవాళ్ళ గురించీ గలగలా మాట్లాడిన మనిషి, తర్వాత అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పింది. బెడ్డు తాడిపత్రి వాళ్ళకు ఎవరికో నిన్ననే మాటిచ్చేశానంది. ముందే ఫోన్లో చెప్పి ఉంటే బాగుండేది కదా అని నాకు కొంచెం కోపం వచ్చింది. ఆమె బస్టాపు దాకా నాతో నడిచి, బస్సు ఎక్కించి వెళ్ళింది. మంచి మనిషి, నా టైం బాగాలేదు అనుకున్నాను.

పదిన్నరకల్లా మళ్ళీ అనంతపురంలో ఉన్నాను. కళ్యాణదుర్గం బస్సులు చాలానే ఉంటాయి, గంటన్నర పైనే పడుతుంది. పక్క సీటులో తలగుడ్డ చుట్టుకున్న పెద్దాయన యాడికి పోతాండావమ్మా అని అడిగితే, మాటల్లో దుబాయ్ సంగతి చెప్పాను. ఆయన బాగా ఆలోచించి, "ఈ బస్సు కళ్యాణదుర్గం దాకానే పోతాది. ఆడ దిగి మారల్ల మల్ల," అన్నాడు. ముందు సీటువాళ్ళు కూడా నవ్వారు. ఆషాఢం కదా, గాలి విపరీతం. దున్ని పెట్టిన చేలు వానకు ఎదురుచూస్తున్నాయి, గట్ల మీద గాలిమరలు మాత్రం తీరిక లేకుండా తిరుగుతున్నాయి. ఈ ఏడన్నా చెనిక్కాయ విత్తనం నేలలో పడితే చాలునని పెద్దాయన అన్నాడు. ఇద్దరు కొడుకులు బెంగళూరులో సెంట్రింగు పనికి పోయారట. వాళ్ళకు అక్కడ గది ఎలా దొరికిందని అడిగాను. మన ఊరోళ్ళ గది ఉండాది కదా అన్నాడు, అది అడగాల్సిన సంగతా అన్నట్టు.

కళ్యాణదుర్గం స్టాండులో బెంచీ మీద కూర్చుని పులిహోర తిన్నాను. కంబదూరుకు బస్సు కోసం నలభై నిమిషాలు ఆగాల్సి వచ్చింది. షేర్ ఆటోలు ఉంటాయి కానీ నిండితేనే కదులుతాయి, నిండడం అంటే వాళ్ళ లెక్క వేరు. కంబదూరులో దిగేసరికి రెండున్నర దాటింది. మార్తమ్మ ఇంటికి స్టాండు నుంచి ఆటో ముప్పై రూపాయలు. మనిషి సన్నగా ఉంటుంది, వయసులో రూతమ్మ కన్నా కొంచెం పెద్దది, తక్కువ మాట్లాడుతుంది. వసారాలో చేటలో అలసందలు ఏరుతోంది. భర్త పనికి పోయినాడని చెప్పి, అరుగు మీద కూర్చోమంది. నీళ్ళు ఇవ్వలేదు. అప్పటికి నేను దాన్ని గమనించలేదు కూడా.

అడగాల్సినవన్నీ అడిగాను. అన్నిటికీ ఆమె సూటిగా జవాబు చెప్పింది. గది దుబాయ్‌లో డేరా అనే పేటలో ఉంది, కిటికీ ఉంది, మెట్రోకు నడిచి పోవచ్చు. బెడ్డుకు నెలకు ఎనిమిది వందల దిర్హాములు, కరెంటు అందులోనే, వంట ఖర్చు అందరూ పంచుకుంటారు. ఇంటి యజమాని దగ్గర అందరి పేర్లూ రాయించి ఉన్నాయి, నా పేరు కూడా రాయించాలి, లేకపోతే తనిఖీ వచ్చినప్పుడు తిప్పలు. నాకు కావాల్సింది సరిగ్గా ఇదే. ఎప్పుడు డబ్బు కట్టాలి అని అడిగాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"రూతు బెడ్డు ఎవురికీ ఇయ్యలేదు పాపా. ఈ పొద్దుటికీ ఖాళీగానే ఉండాది."

తాడిపత్రి వాళ్ళకు ఇచ్చేసినట్టు చెప్పింది కదా అన్నాను.

"నీ మొగం మింద చెప్పలేక అట్లనింది. వాళ్ళింట్లో నీళ్ళు గూడా ముట్టలేదంట కదా నువ్వు. పిలిచి పిల్లనిస్తామంటే కులం తక్కువన్నాడంట ఎనకటికి ఎవడో."

నాకు ఒళ్ళు మండింది. బెడ్డు అడగడానికి వచ్చానని కూడా ఒక క్షణం మర్చిపోయాను. పచ్చకామెర్ల సంగతి చెప్పాను, డాక్టరు చెప్పిన జాగ్రత్తలు చెప్పాను, బస్సు ప్రయాణంలో ఎప్పుడూ నా నీళ్ళే తాగుతానని చెప్పాను. గొంతు కొంచెం పెద్దదైంది. ఆమె అడ్డు రాకుండా మొత్తం విన్నది. విని ఒకటే అడిగింది.

"ఇట్లనే మీ శెట్టోళ్ళింటికి పోయింటే, ఆడ నీళ్ళిస్తే తాగేదానివా?"

ఇక్కడ నేను ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ పోయిన నెల ధర్మవరంలో మా అత్తవాళ్ళింటికి వెళ్ళినప్పుడు గడపలోనే చెంబు అందుకుని గటగటా తాగిన సంగతి గుర్తొచ్చింది. ఆ రోజు కూడా బస్సులోనే వెళ్ళాను. ఆ రోజు కూడా సీసా సంచిలోనే ఉంది.

"తాగుతానక్కా," అన్నాను. "ఆడ కడుపు గుర్తుకు రాదు."

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకుని, అలసందలు ఏరుతూ గది సంగతి చెప్పింది. దుబాయ్ పోయిన మొదటి నెలలోనే ఆమెకు జ్వరం వచ్చి మంచం దిగలేకపోయిందట. రూతమ్మే పనికి సెలవు పెట్టి కూర్చుందట, ఒళ్ళు తుడిచి, వాంతి చేసుకున్న గుడ్డలు ఉతికిందట. అప్పటికి వాళ్ళిద్దరికీ పరిచయమై నెల కూడా కాలేదు. పోయినేడు ఒక పిల్ల ఇలాగే సెలవు బెడ్డు మీద వచ్చి, తన కుక్కరు తను, తన కంచం తను, మూల కూర్చుని తినేదట. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. మాట్లాడడం మాత్రం మానేశారు. ఆ పిల్ల నెల తిరక్కుండానే ఏడ్చుకుంటూ వేరే చోటికి పోయిందట. గదిలో అందరికీ ఆ పాపం ఇప్పటికీ గుచ్చుకుంటోందని, అందుకే ముందే ఇంటికి పిలిచి చూస్తున్నామని చెప్పింది.

"ఆడ మనకు నా అన్నోళ్ళు ఎవురూ ఉండరు. నీకు జరమొస్తే గంజి ఎవురి గిన్నెలో తాగుతావు?"

మూడు వారాలు వెతికిన ఏ వెబ్‌సైటులోనూ ఈ ప్రశ్న లేదు. కిటికీ ఉందా, వైఫై ఉందా, బాత్రూముకు ఎంతమంది అని నేను అడుగుతూ వచ్చాను. ఇది నాకు తట్టనే లేదు.

నేను మాంసం తిననని, అది మాత్రం మార్చుకోలేనని చెప్పాను. తినమని ఎవరన్నారు, పప్పు తిను, కూరగాయలు వండుకో అంది. ఆ గదిలో ఇప్పటికే ఒకామె శనివారాలు నీచు ముట్టదట, దానికి ఎవరికీ పట్టింపు లేదు. అసలు సంగతి ఆ తర్వాత చెప్పింది.

"ఆదివారం వంట వంతు నాది. గిన్నెలు కడిగే వంతు గూడా నాదే. నా బెడ్డు తీసుకుంటే నా వంతు గూడా నీకే వస్తాది. వండేదానికి గదిలో ఉండేటోళ్ళు సాయం పడతారు. ఏం కూర అని అడగొద్దు. గిన్నె కడుగుతావా?"

తొందర లేదు, ఆలోచించుకో, ఆఖరు బస్సు ఆరు దాటినాక పోతాది అని చెప్పి లోపలికి వెళ్ళింది. నేను అరుగు మీద కూర్చున్నాను. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా గడప దాటి రాదు. ల్యాబ్‌లో రోజంతా రక్తం, మూత్రం పట్టుకునే చేతులే నావి. అయినా వాటితో ఆ గిన్నె కడగగలనని అనిపించలేదు. ఇప్పుడు సరే అనేసి, అక్కడికి పోయాక ఏదో సాకు చెప్పొచ్చు అన్న ఆలోచన రాలేదని చెప్పను. వచ్చింది, కాసేపు ఉంది కూడా. కానీ కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఆమె వీపు కనిపిస్తోంది. మోసం చేయబుద్ధి కాలేదు. పైగా నాకు ఆ బెడ్డు చాలా కావాలి.

లోపలికి వెళ్ళి, కడుగుతానక్కా, మొదట్లో వాంతి వచ్చినా వస్తుంది అని చెప్పాను. ఆమె మొదటిసారి నవ్వింది. రానీలే, నాకు ఆ ఊర్లో అన్నిటికీ వచ్చింది అంది. గొంతు ఎండిపోయి నీళ్ళు ఇమ్మని అడిగాను. ఇవ్వలేదు.

"ఇప్పుడు తాగితే బెడ్డు కోసరం తాగినట్టుంటాది. సంగటి తిని తాగుదువులే."

సంగటి ముద్ద, అలసంద పప్పు, చెనిక్కాయల ఊరిమిండి. ఊరిమిండి అంటే మా వైపు రోట్లో నూరే పచ్చడి, కారం ఎక్కువ. చెవుల్లోంచి పొగలు వచ్చాయి. నీళ్ళు తాగాను, రెండు చెంబులు. కొంచెం ఉప్పగా ఉన్నాయి. దాచడం ఎందుకు, మర్నాడు నా కడుపు చెడింది కూడా. ఇంట్లో చెప్పలేదు. తిన్నాక నా పళ్ళెం నేనే తీసుకుని లేచాను. మన సీమలో ఇంటికి వచ్చినవాళ్ళను పళ్ళెం ఎత్తనివ్వరు, చేతిలోంచి లాక్కుంటారు. మార్తమ్మ లాక్కోలేదు. పీచు, సబ్బు ఎక్కడున్నాయో చెప్పింది. నేను కడుగుతుండగా నా వెనకే నిలబడి దుబాయ్ గదికి వీడియో కాల్ చేసింది. అటువైపు ముగ్గురో నలుగురో తలలు ఆనించి చూస్తున్నారు. మన పిల్లే, నా బెడ్డు మింద పండుకుంటాది, ఆదివారం వంతు గూడా చేస్తాది అని చెప్పింది. అంతే, అయిపోయింది. డబ్బు అక్కడికి పోయాక, నెల నిండాక ఇస్తే చాలట.

ఆరు దాటాక బస్సెక్కి, కళ్యాణదుర్గంలో మారి ఇల్లు చేరాను. దారిలో రూతమ్మకు ఫోన్ చేద్దామనుకుని, ఏం చెప్పాలో తెలియక మానేశాను. నాన్నకు గది అడ్రసు, యజమాని పేరు, గదిలో ఉన్నవాళ్ళ ఊర్లు చెప్పాను. ఆయన ఊర్లు విని తలూపాడు. ఇంటిపేర్లు అడగలేదు, అడిగితే చెప్పేదాన్నే. మీలో ఎవరైనా ఇలా సెలవు బెడ్డు వెతుక్కుంటే, మొత్తం ఖర్చు ఆటోలకు, టీలకు కలిపి రెండు వందలు దాటదు, ఒక శనివారం చాలు. నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే. అద్దె ఎంతని అడిగే ముందు, గదిలో వంట వంతులు ఎలా నడుస్తాయో అడగండి. మీరు చేయగలరో లేదో ఆ ఇంట్లో కూర్చునే ఆలోచించుకోండి, విమానం దిగాక కాదు.

నేను బయల్దేరే ముందు మంగళవారం మార్తమ్మ అనంతపురం వస్తోంది. గదికి పంపాల్సిన కారప్పొడి, చింతపండు మా ఇంటికే తెచ్చి ఇస్తానంది. ఆమె "మన పిల్లే" అన్న మాట వారం రోజులుగా నా చెవుల్లోనే ఉంది. మా ఇంట్లో అంగడికి మూటలు మోసే వాళ్ళకు నీళ్ళిచ్చే గ్లాసు ఒకటి పెరటి గూట్లో వేరుగా ఉంటుంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను, అదేమిటని ఒక్కసారీ అడగలేదు. సిగ్గేసింది. నిన్న పొద్దున దాన్ని కడిగి తెచ్చి వంటింట్లో మా గ్లాసుల మధ్య పెట్టాను. అమ్మ చూసింది. సాయంత్రానికి అది మళ్ళీ పెరట్లో ఉంది. మళ్ళీ తెచ్చి పెట్టాను. ఈ పొద్దున చూస్తే అది అక్కడ లేదు. ఇప్పుడే మళ్ళీ తెచ్చి పెట్టి వచ్చి ఇది రాస్తున్నాను. మంగళవారానికి ఇంకా మూడు రోజులుంది.